బస్టాప్‌లో పోయినా ప్రాణమే

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. ఒకటి బస్టాప్‌లో, ఒకటి మిర్చి బజ్జీల సెంటర్ దగ్గర. నల్గొండ, మహబూబ్‌నగర్ పిల్లలు హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే చోటు అది. ఆ రాత్రి ఫోన్లు కలవక మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో గుర్తుంది. రెండేళ్లకు, 2015 ఏప్రిల్ 1 రాత్రి, సూర్యాపేట బస్టాండ్‌లోనే తుపాకీ పేలింది. తనిఖీ చేస్తున్న కానిస్టేబుల్, హోంగార్డు బలయ్యారు.

పోలీసు చనిపోతే ఆ ఇంటికి వెనకాల ఒక శాఖైనా ఉంటుంది. బస్సు కోసం నిలబడ్డ కూలీ చనిపోతే ఎవరున్నారు? ఉగ్రవాద, మతకలహ హింసలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు 2008 ఏప్రిల్ 1 నుంచి ఒక కేంద్ర పథకం ఉంది, నక్సల్ హింసలో పోయినవాళ్లకు అది 2009 నుంచి వర్తిస్తోంది. మొదట 3 లక్షలు ఇచ్చేవారు, 2016 ఆగస్టులో 5 లక్షలు చేశారు. మంచిదే. కానీ అది పథకమే, చట్టం కాదు. అంతకు ముందు జరిగినవి దాని లెక్కలోకి రావు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో జెండా పండుగ నాడు ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డితో పాటు మావోయిస్టుల కాల్పుల్లో పోయినవాళ్ల కుటుంబాలకు అది వర్తించదు. పైగా ఆ డబ్బు మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి, వడ్డీ మాత్రమే చేతికొస్తుంది. 5 లక్షలకు ఏడు శాతం వేసుకున్నా నెలకు 3 వేలు కూడా రాదు. ఇంటి కిరాయికే చాలదు, ఇక పిల్లల ఫీజు ఏం కడతారు?

మమ్మల్ని ఎక్కువగా బాధించేది ఇంకొకటి. అదే బాంబు రైల్లోనో, ప్లాట్‌ఫాం మీదనో పేలిందనుకోండి. 1989 రైల్వే చట్టం ఉగ్రవాద దాడిని కూడా ప్రమాదాల్లో చేర్చింది. తప్పెవరిదని అడగకుండా, చనిపోయిన ప్రయాణికుడి కుటుంబానికి 8 లక్షలు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. లారీ గుద్ది పోయినా కోర్టు ఆ మనిషి వయసు, సంపాదన లెక్కగట్టి పరిహారం తేలుస్తుంది. బస్టాప్‌లో బాంబుకు పోయినవాడి భార్య మాత్రం మరణ ధ్రువీకరణ, ఎఫ్‌ఐఆర్ కాపీ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని కలెక్టరేట్ మెట్లెక్కాలి. ఫైలు ఎక్కడాగిందో అడగడానికి ప్రతి సోమవారం ప్రజావాణి క్యూలో నిలబడాలి. ఇదేం న్యాయం?

గాయపడినవాళ్ల సంగతి మరీ ఘోరం. సగం, అంతకు మించి వైకల్యం ఉంటేనే ఈ పథకం వర్తిస్తుంది. చెవి పోయినవాడు, గాజుపెంకులు ఒంట్లోనే ఉండిపోయినవాడు, శబ్దం వింటేనే వణికిపోయే పిల్ల ఏ కాలమ్‌లోకి వస్తారు?

కేసు తేలేదాకా ఆగమనడం కుదరదు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురికి 2016లో ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు ఉరిశిక్ష వేస్తే, హైకోర్టు దాన్ని ఖరారు చేసేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. పన్నెండేళ్లలో బడికెళ్లే పిల్లవాడు డిగ్రీ అయినా పూర్తిచేస్తాడు, లేదా మధ్యలో మానేసి పనికైనా పోతాడు. నేరస్తుడు దొరక్కపోయినా బాధితుడు పరిహారం అడగొచ్చని, రెండు నెలల్లో విచారణ ముగించాలని మన క్రిమినల్ ప్రొసీజర్ (నేర విచారణ పద్ధతి) చట్టంలోనే ఉంది. ఆ గడువునే ఇక్కడా పెట్టొచ్చు.

పార్లమెంటు ఒక చట్టం చేయాలి. దానికింద నిధి ఉండాలి. ఉగ్రవాద సొమ్మని జప్తు చేసిన ఆస్తులను అమ్మి అందులో వేయాలి. ధరలతో పాటు మొత్తం పెరగాలి, మొదటి నెలలోనే కొంత డబ్బు కుటుంబం చేతికి రావాలి. దరఖాస్తు కోసం వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగడం కాదు, ఎఫ్‌ఐఆర్ నమోదు కాగానే కలెక్టరే మనిషిని వాళ్లింటికి పంపాలి. నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు నలుగురూ పార్టీలు పక్కనపెట్టి వచ్చే సమావేశాల్లోనే ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు) పెట్టాలని మేము కోరుతున్నాం.