మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న

అరెస్టు చేసిన మనిషిని మెజిస్ట్రేటు ముందు పెట్టే ముందు పోలీసులు ప్రభుత్వాసుపత్రికి తీసుకొస్తారు. విజయవాడలోనైనా గుంటూరులోనైనా తంతు ఒకటే. బీపీ చూస్తారు, ఒంటిమీద దెబ్బలున్నాయేమో చూస్తారు, సంతకం పెట్టి ముద్ర వేస్తారు. పక్కన కానిస్టేబుల్ టైమ్ చూసుకుంటూ ఉంటాడు. 24 గంటలు దాటకుండా కోర్టులో హాజరుపరచాలి మరి. రాత్రుళ్లు నిద్ర పడుతోందా, ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయా, ఏవైనా మాత్రలు వాడుతూ మధ్యలో మానేశావా అని అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. చట్టం కూడా గట్టిగా అడగమనలేదు. అరెస్టు కాగానే వైద్యపరీక్ష చేయించాలన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే చట్టం) 53వ సెక్షన్, నివేదికలో రాసి తీరాలని ప్రత్యేకంగా చెప్పింది గాయాల గురించే.

ఆ రోజు అడగని ప్రశ్నే ఏడాదికో రెండేళ్లకో విచారణలో తలెత్తుతుంది. నేరం జరిగిన సమయంలో మతిస్థిమితం లేక, తాను చేస్తున్నదేమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడి పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో ఇదే 84. ఇందులో ‘ఆ సమయంలో’ అన్న మాట చూడటానికి చిన్నదే గానీ కేసంతా దానిమీదే నడుస్తుంది. జబ్బు ఉందని సర్టిఫికెట్ తెస్తే సరిపోదు, ఆ ఘడియలో మనసు ఎలా ఉందో తేలాలని 1964లో గుజరాత్‌కు చెందిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రుజువు చేసుకునే భారం నిందితుడిదే. జైల్లో మందులు పడి, నెలలు గడిచి, కాస్త తేరుకున్న మనిషిని చూసి ఫలానా తేదీ రాత్రి ఇతని బుర్ర ఎలా ఉందో చెప్పమంటే ఏ సైకియాట్రిస్టు చెప్పగలడు?

2022లో ప్రారంభమైన విజయవాడ కోర్టుల కొత్త భవనమైనా, మరే కోర్టయినా, వరండాలో ఒక దృశ్యం పాతబడదు. ప్లాస్టిక్ కవర్లో పాత మందుచీటీలు పెట్టుకుని కూర్చున్న ఒక తల్లి. కొన్ని చీటీలు చెమటకు అతుక్కుపోయి ఉంటాయి, కొన్నింటి మీద తేదీ కనబడదు. ఆసుపత్రికి ముందు ఎక్కడెక్కడ తాయెత్తులు కట్టించిందో కూడా చెబుతుంది, అడిగితే. నిజానికి ఆ కవరే కేసులో అసలు సాక్ష్యం కావచ్చు. వకీలు దాకా అది చేరేసరికి చార్జిషీటు పడిపోయి ఉంటుంది.

‘పిచ్చి నాటకం, శిక్ష తప్పించుకోవడానికే’ అని జనం అంటారు. నాటకాలాడేవాళ్లు లేరని మేమూ అనం. కానీ నాటకం బయటపడేది కూడా తొలి రోజుల్లోనే. వార్డులో పెట్టి వారం పది రోజులు నర్సులు, డాక్టర్లు గమనిస్తే తిండి, నిద్ర, మాట అన్నీ లెక్కకొస్తాయి. అలా చేస్తే ప్రాసిక్యూషన్‌కూ మేలే. పైగా 22వ సెక్షన్ కింద నిర్దోషి అయినవాడు నేరుగా ఇంటికి వెళ్లిపోతాడనుకోవడం అపోహ. ఆ పని చేసింది అతనే అని తేలితే భద్రమైన కస్టడీలో ఉంచాలి, లేదా పూచీ తీసుకుని బంధువులకు అప్పగించాలి.

నేరం నాటి సంగతి అలా ఉంచితే, నిందితుడు ఇప్పుడు విచారణను ఎదుర్కోగల స్థితిలో ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసి కోర్టు బయట గందరగోళపడటం మామూలే. అనుమానం వస్తే వైద్యపరీక్ష చేయించే బాధ్యతను నాగరిక సురక్షా సంహిత 367, 368 సెక్షన్లు న్యాయస్థానంపైనే పెట్టాయి. ఆ బాధ్యత మరిస్తే ఏమవుతుందో అస్సాం చూపించింది. 1951లో అరెస్టయిన ఒక మనిషి విచారణే జరగకుండా 54 ఏళ్లు నిర్బంధంలో ఉండి 2005లో బయటికొచ్చాడు. నయమైందని డాక్టర్లు 1967లోనే చెప్పారు.

మనకు డాక్టర్లు లేరనడానికి వీల్లేదు. సైకియాట్రిస్టు అభిప్రాయంపై నిందితుడికి అభ్యంతరముంటే మెడికల్ బోర్డుకు వెళ్లొచ్చు. అందులో ఉండాల్సింది దగ్గరి ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగాధిపతి, దగ్గరి ప్రభుత్వ వైద్య కళాశాల అధ్యాపకుడు. గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ రెండూ ఇక్కడే ఉన్నాయి. ప్రతిదానికీ విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల వైపు చూడటం, దాదాపు 350 కిలోమీటర్ల దూరానికి ఎస్కార్టు దొరకలేదని వాయిదాలు అడగడం ఎందుకు? జైళ్లలో మానసిక రోగులు ఎవరూ లేరని జైలు డాక్టరు మూడు నెలలకోసారి ధ్రువీకరించి పంపాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ముందు సరిగ్గా చూస్తే కదా, ఉన్నారో లేదో తెలిసేది!

అరెస్టు వైద్యపరీక్ష ఫారంలో మనసు గురించి నాలుగు ప్రశ్నలు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు జిల్లాల ఆసుపత్రుల్లోనూ ఫోన్ చేస్తే పలికే సైకియాట్రిస్టు ఒకరుండాలి. రిమాండు రోజున ఆ తల్లి చేతిలో కవరు తీసుకుని, రసీదిచ్చి, మెజిస్ట్రేటు ముందు పెట్టే పని ఎవరిదో జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఈ నెలలోనే తేల్చాలి.