పుట్టిన చోటే అడ్డుగోడ: గ్రీన్‌కార్డు వరుసలో మన కుటుంబాలు

రాజంపేట నుంచి కువైట్ వెళ్లి స్థిరపడిన ఒక కుటుంబం ఉందనుకోండి. అన్న కడపలో పుట్టాడు, చెల్లెలు కువైట్‌లో పుట్టింది. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. ఇద్దరూ హైదరాబాద్‌లో ఒకే కాలేజీలో ఇంజినీరింగ్ చదివారు, అమెరికాలో ఎంఎస్ చేశారు, ఒకే రకం ఉద్యోగాల్లో చేరారు. ఇద్దరి కంపెనీలూ ఒకే రోజు గ్రీన్‌కార్డు పని మొదలుపెట్టాయి. చెల్లెలికి కొన్నేళ్లలో కార్డు చేతికొస్తుంది. అన్నకు రిటైరయ్యేలోపు వస్తుందన్న నమ్మకం లేదు. అమెరికా చట్టం ఈ విషయంలో పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగదు, ఎక్కడ పుట్టావని అడుగుతుంది. కువైట్‌లో పుట్టిన పిల్ల కువైట్ లెక్కలోకి వెళ్తుంది. కడపలో పుట్టినవాడు ఇండియా లెక్కలో మిగిలిపోతాడు.

ఉదాహరణ కోసం చెప్పిన కుటుంబమే ఇది. కానీ డాలస్‌లోనో ఎడిసన్‌లోనో మనవాళ్లు నలుగురు చేరిన చోట కదిపి చూస్తే ఇలాంటి కథ బయటపడటం పెద్ద కష్టం కాదు. నేనూ ఆ అన్న నిలబడిన వరుసలోనే ఉన్నాను. ఇన్నేళ్లుగా చూశాక నాకు అర్థమైంది ఒకటే: కార్డు రావడానికి ఎంత కాలం పడుతుందన్నది సమస్యలో సగమే. ఆ కాలమంతా మనిషిని చుట్టంలాగే ఉండమనడం మిగతా సగం. ఇల్లు కొన్నా, పన్నులు కట్టినా, పిల్లల స్కూల్లో వాలంటీరుగా పనిచేసినా, కాగితం మీద మాత్రం ఎప్పుడైనా వెళ్లిపోవాల్సినవాడే.

ఈ లెక్క ఎలా పుట్టిందో చూస్తే బాధ ఇంకా పెరుగుతుంది. జాతి, జన్మదేశం చూసి మనుషుల్ని ఆపేసే పాత కోటాలను 1965 చట్టం తీసేసింది. ఏ దేశమూ మొత్తం వాటా పట్టుకుపోకూడదని దేశానికింత అని ఒక పరిమితి పెట్టింది. 1990 చట్టం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులను ఏడాదికి లక్షా 40 వేలుగా ఖరారు చేసి, ఒక్కో దేశానికి 7 శాతం అంది. ఆ అంకె ఇప్పటికీ అంతే. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈబీ-2 (పీజీ లాంటి పెద్ద చదువులున్నవాళ్ల) విభాగంలో ఇండియాకు ఖాయంగా దక్కేది సుమారు 2,800. అందులో భార్య ఒకటి, పిల్లలు ఇద్దరుంటే ఇంకో రెండు. ఉద్యోగి ఒక్కడే అయినా ఇంటిల్లిపాదీ కోటాలోంచే తీసుకోవాలి. మిగతా దేశాలు వాడుకోక మిగిలినవి దొరికితే దొరికినట్టు. అమెరికాలోని పరిశోధన సంస్థ కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో వేసిన అంచనా ప్రకారం ఉద్యోగ గ్రీన్‌కార్డుల కోసం ఎదురుచూసేవాళ్లలో 11 లక్షల మంది భారతీయులు. కొత్తగా వరుసలో చేరే భారతీయుడికి 134 ఏళ్లు పడుతుందట. వేచి ఉండగానే చనిపోయేవాళ్ల సంఖ్య లక్షల్లో ఉంటుందని కూడా అదే అంచనా చెప్పింది.

2000లో వచ్చిన మరో చట్టం ఈ వరుసను భరించేలా చేసింది. హెచ్‌-1బీ, అంటే తాత్కాలిక ఉద్యోగ వీసా, మామూలుగా ఆరేళ్లు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదమై, కార్డు మాత్రం కోటా వల్ల ఆగిపోయి ఉంటే మూడేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. మంచికే చేశారు, కాదనను. అది లేకపోతే లక్షల కుటుంబాలు ఎప్పుడో సామాను సర్దుకునేవి. కానీ బయటికి పొమ్మనకుండా, లోపలికి రమ్మనకుండా మనిషిని గుమ్మంలో ఏళ్ల తరబడి నిలబెట్టే పద్ధతి అక్కడి నుంచే మొదలైంది. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. అందులోపు ఇంకో కంపెనీ దొరకాలి. పదిహేనేళ్లుగా ఉన్నవాడికీ అదే 60 రోజులు, నిన్నగాక మొన్న వచ్చినవాడికీ అదే 60 రోజులు.

మా ఇళ్లలో నెలకోసారి వీసా బులెటిన్ చూస్తాం. అమెరికా విదేశాంగ శాఖ విడుదల చేసే పట్టిక అది. మన ప్రయారిటీ డేట్ (వరుసలో చేరిన తేదీ) కంటే అందులోని తేదీ ముందుకు జరిగితే వంతు వచ్చినట్టు. ముందుకే జరగాలని రూలేం లేదు. 2022 సెప్టెంబరులో ఇండియా ఈబీ-2 తేదీ 2014 డిసెంబరు 1 దాకా వచ్చింది. కరోనా కాలంలో కుటుంబ కోటాలో మిగిలిపోయిన కార్డులు ఇటువైపు రావడమే కారణం. అక్టోబరు బులెటిన్‌లో అది 2012 ఏప్రిల్‌కు వెళ్లింది. డిసెంబరుకు 2011 అక్టోబరు 8. మెడికల్ పరీక్షలు చేయించుకుని, టీకాలు వేయించుకుని, ఇండియా నుంచి బర్త్ సర్టిఫికెట్లు తెప్పించుకుని సిద్ధంగా కూర్చున్నవాళ్ల వంతు మూడేళ్లు వెనక్కిపోయింది. అంతకు ముందు ఏడాది, అంటే 2021 ఆర్థిక సంవత్సరంలో, చేతిలో ఉన్న కార్డులన్నీ ఇవ్వలేక 60 వేలకు పైగా వృథా చేశారు. ఫైళ్లు సమయానికి కదల్లేదు, గడువు దాటింది, అంతే. ఇంత పొడవు వరుస బయట ఉన్నప్పుడు ఇది మామూలు ఆఫీసు అలసత్వంలాగా నాకు కనిపించదు.

ఇక్కడ 2007 జులై సంగతి చెప్పాలి, ఇప్పటి కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. ఆ నెల బులెటిన్‌లో దాదాపు అన్ని విభాగాలకూ దారి తెరిచారు. జనం పరుగులు పెట్టి దరఖాస్తులు సిద్ధం చేసుకున్నారు. తీరా జులై 2న, కార్డులు అయిపోయాయి, దరఖాస్తులు తీసుకోం అన్నారు. అప్పుడు మనవాళ్లు కోపంతో ఊగిపోలేదు. ఇమిగ్రేషన్ సంస్థ అధిపతికి పూలగుచ్ఛాలు పంపారు. గాంధీగిరి అని దానికి పేరు పెట్టుకున్నారు. వందల కొద్దీ పూలు ఆ ఆఫీసుకు చేరాయి. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రికి పంపించారు. అదే నెల 17న ప్రభుత్వం మాట మార్చుకుంది, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంది. పూలతో పాటు కోర్టు కేసుల ఒత్తిడీ ఉంది. కానీ ఓటు లేనివాళ్లు కలిసి అడిగితే ఆ గోడ కాస్తయినా కదులుతుందని తేలింది. ఆ తర్వాత ఆ స్థాయిలో మనం కలిసి అడిగింది చాలా తక్కువ.

పెద్ద చట్టాల సంగతి అలా ఉంచి, చిన్న కౌంటర్ దగ్గరికి వద్దాం. మేముండే రాష్ట్రంలో డ్రైవింగ్ లైసెన్సు గడువు వీసా గడువుతో ముడిపడి ఉంటుంది. అందరికీ ఏళ్ల తరబడి చెల్లే కార్డు మాకు ఆమోదపత్రం ఎంతవరకుంటే అంతవరకే. పొడిగింపు రావడం ఆలస్యమైతే బండి తీయడానికి లేదు. బస్సు లేని ఊళ్లో బండి లేకపోతే పాల ప్యాకెట్ కూడా రాదు. పోయినసారి మా ఆవిడతో వెళ్లాను. పాస్‌పోర్టులో తన ఇంటిపేరు గడి ఖాళీ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉండేది, పాస్‌పోర్టు చేయించినప్పుడు అదీ పోయింది. దాంతో అమెరికా వీసాలో తన సొంత పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడింది. పేరు తెలియదు అని దాని అర్థం. కౌంటర్‌లో ఉన్నావిడ మర్యాదగానే మాట్లాడింది. ఫెడరల్ కంప్యూటర్‌లో వివరాలు సరిపోలడం లేదు, రెండో దశ తనిఖీకి పంపాను, ఉత్తరం వస్తుంది అంది. ఎన్నాళ్లకని అడిగితే తనకూ తెలియదంది. నిజంగానే తెలియదు ఆవిడకి. వెనక నిలబడ్డ పెద్దాయన ఓపిగ్గానే ఉన్నాడు. ఎవరూ కసురుకోలేదు. అయినా కార్లో కూర్చున్నాక మా ఆవిడ, ‘ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాం కదండీ, ఇంకా నేనెవరో వీళ్లకు తెలియదా?’ అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ అర్థం కాదని కాదు, చెప్పడమే మాకు చేతకాదు. ‘నాన్నకు బాగాలేదురా, ఒకసారి వచ్చి వెళ్లు’ అని అమ్మ ఫోన్ చేస్తే, పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయిందనీ, హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ దొరకాలనీ, దొరికినా అదనపు పరిశీలన అంటే నెలలు పట్టొచ్చనీ, ఈలోపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదనీ ఆమెకు ఎలా చెప్పాలి? 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి, విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు కూడా దిగిపోయారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు అది వర్తించదని స్పష్టం చేసింది మర్నాడు. అదే ఏడాది డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీల పేరుతో ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. పెళ్లికో చావుకో ఇండియా వెళ్లినవాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. నాన్న అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసిన సహోద్యోగి ఒకరున్నారు. మర్నాడు మామూలుగానే మీటింగ్‌కి వచ్చారు. సెలవు పెట్టొచ్చు కదా అంటే, ఇంట్లో కూర్చుని ఏం చేయనండీ అన్నారు.

అన్నిటికంటే పెద్ద అన్యాయం పిల్లల విషయంలో. అమ్మ చంకలో వచ్చిన పిల్ల ఇక్కడే బడికెళ్లి, ఇక్కడే ఫుట్‌బాల్ ఆడి, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడుతూ పెరుగుతుంది. 21 ఏళ్లు నిండేసరికి చట్టం దృష్టిలో ఆమె ఇక తండ్రి మీద ఆధారపడిన పిల్ల కాదు. విద్యార్థి వీసాకు మారి, తను పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థి కావాలి. లేదంటే వెళ్లిపోవాలి. తండ్రి వరుసలో గడిపిన ఏళ్లేవీ ఆమె లెక్కలోకి రావు. వయసు లెక్కగట్టడానికి 2002లో ఒక చట్టం తెచ్చారు. బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి, ఏ పట్టిక చూసి వయసు ఆపాలన్నది మాత్రం అధికారుల నిర్ణయం. 2023 ఫిబ్రవరిలో పిల్లలకు మేలు చేసే పట్టికను ఎంచుకున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ పాత పట్టికకు వెళ్లిపోయారు. ఒక పట్టిక ప్రకారం ఇంట్లో పిల్ల, ఇంకో పట్టిక ప్రకారం పరాయి.

చిన్నప్పుడే వచ్చినవాళ్లను వెనక్కి పంపకుండా ఒబామా కాలంలో తెచ్చిన డాకా పథకం అయినా వీళ్లను ఆదుకుందా అంటే, లేదు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధ హోదా లేనివాళ్లకే అది వర్తిస్తుంది. వీళ్లకు హోదా ఉంది కాబట్టి అర్హత లేదు. తల్లిదండ్రులు ప్రతి కాగితం సమయానికి దాఖలు చేయడమే పిల్లలకు అడ్డమైంది.

కాగితం ఎంత బలహీనమైన ఆధారమో 2017 ఫిబ్రవరి 22న తెలుగువాళ్లందరికీ తెలిసింది. కాన్సస్‌లోని ఒలేత్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను, నా దేశం నుంచి పొమ్మని అరిచి ఒకడు కాల్చి చంపాడు. ఆ హత్య గురించి చాలా రాశారు. ఆయన భార్య సునయన దుమాల హోదా ఆయన వీసా మీద ఆధారపడి ఉండేదనీ, ఆయనతో పాటే అదీ పోయిందనీ తక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. భర్త అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన మనిషికి, తిరిగి తన ఇంటికి వెళ్లనిస్తారా అన్న భయం! స్థానిక కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే దారి దొరికింది. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లును ఆ తర్వాత ఆయనే భుజానికెత్తుకున్నారు. ఒక కుటుంబం దుఃఖాన్ని దగ్గరగా చూశాక మనిషి మారాడు. ప్రతి కుటుంబానికీ కాంగ్రెస్ సభ్యుడు పూనుకోవాలంటే అయ్యే పని కాదు, చట్టమే మారాలి.

ఆ ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. 2019 జులైలో ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో పరిమితి ఎత్తివేతకు ఒప్పుకుంది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా తన బిల్లు ఆమోదించింది. రెండు బిల్లులూ ఒకటి కాలేకపోయాయి, సభ గడువు ముగిసింది. 2022 డిసెంబరులో ఇంకో బిల్లు ఓటింగ్ దాకా వచ్చి ఆగిపోయింది. వ్యతిరేకించినవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి మాత్రం ఎత్తేస్తే కొన్నేళ్లపాటు కార్డులన్నీ భారతీయులకే పోతాయి, నైజీరియా నర్సో బ్రెజిల్ ఇంజినీరో మన స్థానంలోకి వచ్చి నిలబడతారు. మన బాధ తీరడానికి అది ఇంకొకరి నెత్తిన పడటం న్యాయం కాదు. అందుకే భార్యాపిల్లలను కోటాలో లెక్కపెట్టొద్దనీ, వృథా అయిన పాత కార్డులను తిరిగి వాడమనీ అడగడం మేలని నా అభిప్రాయం. దానివల్ల ఎవరి వంతూ వెనక్కిపోదు.

మనలోనూ సరిచేసుకోవాల్సినవి ఉన్నాయి. ఒకే మనిషి పేరుతో రెండు మూడు కన్సల్టెన్సీల నుంచి హెచ్‌-1బీ లాటరీలో పేరు వేయించడం మామూలైపోయి, 2024 ఆర్థిక సంవత్సరానికి ఏడున్నర లక్షలకు పైగా రిజిస్ట్రేషన్లు పడ్డాయి. మనిషికి ఒక్కటే అవకాశమన్న రూలు పెట్టగానే మరుసటి ఏడాది అవి 4.7 లక్షలకు తగ్గాయి. ఆ తేడాలో మనవాళ్ల వాటా తక్కువేం కాదు. దాని వల్ల నష్టపోయింది నిజాయితీగా ఒక్కసారే వేసిన మన పిల్లలే. ఇంకోటి, ‘మేం లైన్లో వచ్చినవాళ్లం, వాళ్లలా కాదు’ అని కాగితాలు లేనివాళ్లను చులకన చేసే మాట మన వాట్సాప్ గ్రూపుల్లో బాగా నడుస్తుంది. ఒలేత్‌లో తుపాకీ పట్టుకున్నవాణ్ని ఎవరి కాగితాలూ ఆపలేదు.

రెండేళ్లకోసారి జరిగే తానా, ఆటా సభలకు వేలమంది వస్తారు. అమెరికా ప్రజాప్రతినిధులు కూడా వేదికెక్కి నమస్కారం పెట్టి వెళ్తారు. ఆ వేదిక మీద ఒక గంట ఈ 21 ఏళ్ల పిల్లలకు ఇవ్వమని సంఘాల పెద్దలను అడుగుతున్నాను. వాళ్లనే మాట్లాడనివ్వండి. ఎదురుగా కూర్చున్న కాంగ్రెస్ సభ్యుణ్ని, తల్లిదండ్రులతో పాటు చట్టబద్ధంగా పెరిగిన పిల్లలకు దారి చూపే బిల్లుకు మీరు మద్దతిస్తున్నారా లేదా అని అక్కడే అడగండి. 1980లలో, 90లలో వచ్చి పౌరులైన పెద్దవాళ్లు తమ నియోజకవర్గం ఆఫీసుకు ఫోన్ చేసి ఇదే ప్రశ్న వేయాలి. మేం ఫోన్ చేసినా ఎత్తుతారు, వింటారు. ఓటరు జాబితాలో ఉన్నారా అని అడిగితే చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండదు.