తీగ మీద కబురు, తీగ నిండా సొద

స్మార్ట్ మీటర్ల మీద మన దగ్గర గొడవంతా బిల్లు చుట్టూనే తిరిగింది. మోటార్లకు మీటర్లు పెడితే రేపు ఉచిత కరెంటు ఉంటుందా అని రైతు అనుమానపడటం న్యాయమే. అయితే ఈ మీటర్ తనంతట తానే పంపే రీడింగ్ ఆఫీసుకు ఏ దారిన చేరుతుందని అడిగినవాళ్లు తక్కువ.

దారులు రెండు. ఒకటి గాలి: సెల్ టవర్, లేదా లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ రేడియో. రెండోది కరెంటు తీగే. 50 హెర్ట్జ్ కరెంటు పారే తీగ మీదే పదులు, వందల కిలోహెర్ట్జ్‌లో చిన్న సిగ్నల్ ఎక్కిస్తారు. హైటెన్షన్ లైన్ల మీద సబ్‌స్టేషన్లు దశాబ్దాలుగా ఇలాగే మాట్లాడుకుంటున్నాయి. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001లో మొదలుపెట్టి, అయిదారేళ్లలో సుమారు 3 కోట్ల మీటర్లను ఈ పద్ధతిలో నడిపింది. ఫ్రాన్స్ లింకీ మీటర్లదీ ఇదే దారి.

చిక్కంతా నాయిస్‌తోనే, అంటే సిగ్నల్‌లో కలిసిపోయే అక్కర్లేని సొదతోనే. రేడియో పాఠాల్లో నాయిస్ అంటే ఎడతెగకుండా ఒకే తీరున సాగే హోరు, దాన్ని గాసియన్ అంటారు. తీగ మీద ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్, మిక్సీ తలో రకంగా సొద పెడతాయి. అందులో చాలా భాగం కరెంటు అలతో తాళం కలిపి 10 మిల్లీసెకన్లకోసారి ఎగసిపడుతుంది. గాసియన్ లెక్కతో కట్టిన రిసీవర్ ఇక్కడ తడబడుతుంది.

ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ బ్రయాన్ ఎవాన్స్ బృందం దీనికి చక్కటి కిటుకు చూపించింది. ఓఎఫ్‌డీఎం అనే పద్ధతిలో సమాచారాన్ని ఎన్నో సన్నని ఫ్రీక్వెన్సీలకు పంచి పంపుతారు, కొన్నిటిని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ వాటి మీద ఏం వినిపించినా అది నాయిసే. ఎగసిపడే నాయిస్ కొద్ది క్షణాల్లోనే ఉంటుంది కాబట్టి, ఆ ఆనవాళ్లతో దాన్ని అంచనా కట్టి సిగ్నల్‌లోంచి తీసేయొచ్చు. నాయిస్ ఫలానా మోడల్‌లోనే ఉంటుందని ముందే అనుకోనక్కర్లేదు. మన తీగలకు పనికొచ్చే గుణం ఇదేనని నా అభిప్రాయం.

ఇంత తెలివి ఉన్నా పొలాల్లో తీగ దారి గిట్టుబాటు కాదు. సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ దాటడం కష్టం, అందుకే ఒక్కోదాని దగ్గర మీటర్ల రీడింగులు పోగుచేసి ఆఫీసుకు పంపే పెట్టె, డేటా కాన్సంట్రేటర్, ఒకటి పెట్టాలి. యూరప్ నగరాల్లో ఆ ఖర్చును వంద ఇళ్లు పంచుకుంటాయి. మనమేమో లైన్ లాస్ తగ్గించడానికి హెచ్‌వీడీఎస్ (హైటెన్షన్ లైన్‌ను మోటార్ల దగ్గరిదాకా తెచ్చే పద్ధతి) పేరుతో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు వేశాం. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద నడిచేది నాలుగైదు మోటార్లు. అక్కడ రేడియోనే నయం.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కథ తిరగబడుతుంది. గోడలు రేడియోను మింగేస్తాయి, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద బోలెడు ఫ్లాట్లు. తీగ మీద కబురుకు ప్రమాణాలు రాసే కంపెనీల కూటమి జీ3 అలయన్స్ తీగనూ రేడియోనూ కలిపి, ఎక్కడికక్కడ మెరుగైన దారిని ఎంచుకునే హైబ్రిడ్ ప్రమాణం తెచ్చింది. రెండిట్లో వచ్చిన సిగ్నళ్లనూ నమ్మకాన్ని బట్టి తూచి కలిపితే ఇంకా మేలు. లిఫ్ట్ మోటార్ సొద రేడియో దాకా రాదు, రేడియో ఫేడింగ్ (సిగ్నల్ ఉన్నట్టుండి బలహీనపడటం) తీగను అంటదు. కాకపోతే తూచాలంటే ఆ క్షణాన నాయిస్ ఎంతో తెలియాలి.

మన నాయిస్ మనదే. వ్యవసాయ ఫీడర్‌కు కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మిడిల్టన్ మోడల్ అనే నాయిస్ లెక్కను మాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో రన్ చేసి బైండింగ్ చేయించే ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇది దొరకదు. ఏదైనా డిస్కం, ఒక ఇంజినీరింగ్ కాలేజీ కలిసి ఒక పల్లె ఫీడర్‌ను, ఒక అపార్ట్‌మెంట్‌ను ఏడాదిపాటు రికార్డు చేసి, ఆ డేటాను అందరికీ ఇవ్వాలి. తర్వాతి మీటర్ టెండర్‌లో ఎక్కడ తీగ, ఎక్కడ రేడియో అన్నది దాన్ని చూసి రాయొచ్చు.