"ఎనిమోన్లు అంతే" అనకండి

ఉప్పునీటి అక్వేరియం ఉన్నవాళ్ళు నలుగురు కలిస్తే చాలు, సీ ఎనిమోన్ (ఒకచోట అతుక్కుని పువ్వులా విచ్చుకునే సముద్ర జంతువు) గురించి ఈ మాట ఎవరో ఒకరి నోటి నుంచి వస్తుంది. "ఎనిమోన్ తెచ్చాం, కొన్నాళ్ళు బాగానే ఉంది, తర్వాత పోయింది. ఎనిమోన్లు అంతే లెండి, ఎక్కువ కాలం బతకవు." విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అది నిజం కాదు. పెంచేవాళ్ళ తొందరపాటుని తీసుకెళ్ళి నోరులేని ప్రాణి నెత్తిన రుద్దడం అది.

1828లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త స్కాట్లాండ్ తీరంలో ఒక సీ ఎనిమోన్‌ని సేకరించి గాజు జాడీలో పెట్టుకున్నాడు. 1851లో ఆయన పోయాడు, ఎనిమోన్ పోలేదు. చేతులు మారుతూ 1887 దాకా బతికింది. దానికి "గ్రానీ" అని పేరు కూడా పెట్టారు. ఆ రోజుల్లో కరెంటు పంపులు లేవు, ఎల్‌ఈడీ లైట్లు లేవు, నీళ్ళలోని మురికిని నురగగా తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్ అసలే లేదు. సముద్రపు నీళ్ళు క్రమం తప్పకుండా మార్చడం, అప్పుడప్పుడు కాస్త తిండి పెట్టడం, అంతే. అది చల్లటి నీళ్ళలో, ఆటుపోట్ల మధ్య బతికే మొండి జాతి అన్నది నిజమే. పగడపు దిబ్బల మీద పెరిగే ఎనిమోన్లకి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. కానీ మనిషి చేతిలో ఒక ఎనిమోన్ 59 ఏళ్ళు బతికిందని తెలిశాక "ఎక్కువ కాలం బతకవు" అనడానికి నోరెలా వస్తుంది?

మనం ట్యాంక్ పెట్టిన నెలన్నరకి నీళ్ళలో విషపదార్థాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించగానే ఎనిమోన్ కోసం బయల్దేరతాం. ఆ సున్నాలు గట్టి చేపకి సరిపోతాయి, ఎనిమోన్‌కి సరిపోవు. కనీసం ఆరు నెలలు ఆగాలి, ఏడాది ఆగగలిగితే ఇంకా మంచిది. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, దాని శరీరమే అలాంటిది. ఎనిమోన్‌కి పొలుసులు లేవు, పెంకు లేదు, మూత్రపిండాలు లేవు. చేప తన ఒంట్లోని ఉప్పుని తనే సర్దుకోగలదు. ఎనిమోన్ సర్దుకోలేదు, బయట నీళ్ళు ఎలా ఉంటే దాని లోపల కూడా అలాగే అవుతుంది. కొత్త ట్యాంకులో ఇవాళ ఒక లెక్క, రేపు ఇంకో లెక్క. ఆ ఊగిసలాటంతా నేరుగా దాని కణజాలం మీదే పడుతుంది.

అందుకే నా దృష్టిలో ఎనిమోన్ పెంపకంలో అన్నిటికంటే ముఖ్యమైన పని చూడ్డానికి చాలా చిన్నది: ఆవిరైన నీళ్ళని రోజూ నింపడం. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. నాలుగు రోజులు పట్టించుకోకుండా వదిలేసి, ఐదో రోజు బకెట్ నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉప్పు శాతం పైకి పోయి ధబేల్మని కిందికి పడుతుంది. పైగా కొందరు ఆవిరైన చోట ఉప్పునీళ్ళే పోస్తారు, దాంతో వారం వారం ఉప్పు పెరుగుతూనే ఉంటుంది. నింపాల్సింది మంచినీళ్ళు, అది కూడా ఆర్‌ఓ, డీఐ రెండు వడపోతలూ దాటి, లవణాలు పోయి వచ్చినవి. రోజూ నింపడం కుదరకపోతే ఆవిరైనంత నీటిని తనే నింపే ఆటో టాప్ ఆఫ్ పరికరం పెట్టుకోండి. ఖరీదైన లైటు కొనడానికి ముందు కొనాల్సింది అదే.

ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35), అంటే సాంద్రత 1.025 నుంచి 1.026. వేడి 25 నుంచి 27 డిగ్రీలు. ఇవి అందరికీ తెలిసిన అంకెలే. అంకె కోసం వెంపర్లాడటమే అసలు ప్రమాదం. ఆల్కలినిటీ (నీళ్ళలో ఆమ్లత పెరగకుండా ఆపే గుణం, డీకేహెచ్‌లో కొలుస్తారు) 8 ఉంటే దాన్ని రాత్రికి రాత్రి 10 చేయాలని పౌడర్లు కలిపేవాళ్ళని చూస్తుంటే బాధేస్తుంది. ఎనిమోన్‌కి నిలకడగా ఉన్న 8 చాలు. నైట్రేట్ (వ్యర్థాల నుంచి చివరికి మిగిలే పదార్థం) కూడా పూర్తిగా సున్నా ఉండాలన్న పట్టుదల అనవసరం, కొద్దిగా ఉంటేనే మంచిది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం. తెల్లటి ఎనిమోన్లు. దుకాణంలో నీలి లైటు కింద పాలలా మెరిసిపోతూ, కొసలకి ఊదారంగుతో కనిపిస్తాయి. "అరుదైన రకం" అని చెప్పి అమ్ముతారు. అది రకం కాదండీ, అది జబ్బు. పగడపు దిబ్బల ఎనిమోన్ ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన శైవలాలు ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ భాగం ఎనిమోన్‌కే ఇస్తాయి. గోధుమరంగో, లేత బూడిదరంగో కనిపించేది వాటి వల్లే. పట్టేటప్పుడో, రవాణాలోనో, వెలుతురు లేకుండా పడి ఉన్నప్పుడో అవి పోతే ఎనిమోన్ తెల్లబడుతుంది. అంటే మనం అందం అనుకుని చూస్తున్నది ఆకలితో మాడుతున్న జంతువుని. కొన్నిచోట్ల అలా తెల్లబడ్డవాటికే పచ్చగానో గులాబీగానో రంగు వేసి అమ్ముతారు. దీన్ని వ్యాపారం అనడానికి నాకు మనసొప్పదు.

అలాంటిది ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఆశ వదులుకోకండి. దానికి వెంటనే బలమైన లైటు కొట్టకండి, చీకటి గదిలోంచి వచ్చినవాడి కళ్ళలో టార్చి వేసినట్టవుతుంది. వెలుతురు తక్కువతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచండి. మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవి) గానీ, గోరంత రొయ్య ముక్క గానీ తరచుగా పెట్టండి. పెద్ద ముక్క పెడితే తీసుకున్నట్టే తీసుకుని, మర్నాడు సగం కుళ్ళినదాన్ని బయటికి కక్కుతుంది. తినడానికి పడ్డ కష్టమంతా వృథా. రంగు తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. ఆరోగ్యంగా ఉన్నదానికైతే మంచి లైటు ఉంటే వారానికి ఒకసారి తిండి చాలు.

ఇంకో బలహీనత, చేతులు ఊరుకోకపోవడం. ఎనిమోన్ తనకి నచ్చిన చోటు తనే వెతుక్కుంటుంది. బబుల్ టిప్ అనే రకం రాతి పగుల్లో పాదం (అతుక్కునే అడుగు భాగం) దాచుకుంటుంది, హద్దోనీ కార్పెట్ అనే రకం ఇసుకలో దిగుతుంది. మనకి ముందువైపు కనబడలేదని గోళ్ళతో పీకి మధ్యలో పెడితే పాదం చిరుగుతుంది. చిరిగిన పాదంతో కోలుకోవడం చాలా కష్టం. అది అదేపనిగా తిరుగుతోందంటే వెలుతురో, నీటి ప్రవాహమో, నీటి నాణ్యతో నచ్చలేదని అర్థం. సరిచేయాల్సింది వాటిని. అలా తిరిగేటప్పుడు నీళ్ళని కదిలించే వేవ్‌మేకర్‌లో పడి ముక్కలయ్యే ఎనిమోన్లు ఎన్నో. ఎనిమోన్ ట్యాంకులోకి రాకముందే పంపులన్నిటికీ స్పాంజో జాలీయో కట్టేయాలి.

ఒక్కోసారి అది పూర్తిగా ముడుచుకుపోయి ముద్దలా అవుతుంది. వెంటనే టెన్షన్ పడి కెలకకండి. లోపలి వ్యర్థాలు బయటికి పంపడానికి అలా చేయడం మామూలే, కొన్ని గంటల్లో మళ్ళీ విచ్చుకుంటుంది. నోరు వేలాడిపోయి మూతపడకుండా ఉండిపోతే, పాదం పట్టు వదిలేస్తే, కుళ్ళు వాసన వచ్చి ఒళ్ళు పొరలుగా విడిపోతుంటే మాత్రం వెంటనే తీసేయాలి, లేకపోతే దాంతోపాటు ట్యాంకంతా పోతుంది. అన్నట్టు, చేపల జబ్బుకి రాగి కలిసిన మందు ఎనిమోన్ ఉన్న ట్యాంకులో ఒక్క చుక్క కూడా పడకూడదు.

"క్లౌన్ ఫిష్ ఒంటరిగా ఉంది పాపం, దానికోసం" అని ఎనిమోన్ కొనేవాళ్ళకి ఒక మాట. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్‌కి ఎనిమోన్ అక్కర్లేదు. అది లేకుండానే జతకట్టి గుడ్లు పెడతాయి, తరతరాలుగా పెడుతున్నాయి. సముద్రంలో దానికి ఎనిమోన్ రక్షణ, మీ ట్యాంకులో దాన్ని తినే శత్రువే లేదు. పైగా చిన్న ఎనిమోన్, పెద్ద చేప అయితే చేప దాన్ని రోజంతా కుమ్మి కుమ్మి విచ్చుకోనివ్వదు. ఎనిమోన్‌ని ఎనిమోన్ కోసమే పెంచాలనిపిస్తేనే తెచ్చుకోండి.

తెచ్చుకుంటే బబుల్ టిప్‌తో మొదలుపెట్టండి. ట్యాంకులోనే రెండుగా చీలి కొత్తది తయారవుతుంది, కాబట్టి ఇంకొకరి ట్యాంకులో చీలిన పిల్ల దొరికే అవకాశం ఉంది. మాగ్నిఫికా, జైగాంటియా లాంటి రకాలు ఎక్కువగా సముద్రంలోంచి పట్టి తెచ్చినవే. కొనేముందు ఇది ఎక్కడిది, ఎన్నాళ్ళుగా ఇక్కడ ఉంది, ఏం తింటోంది అని అడగండి. మీ ఎదురుగా తినిపించమనండి. తెల్లగా, నోరు తెరుచుకుని ఉన్నదాన్ని జాలిపడి కొనకండి. అది అమ్ముడైతే రేపు అదే గాజుతొట్టెలోకి ఇంకోటి దిగుతుంది.