తెరవెనుక పరిచర్యకు ఒక ఫ్లెక్సీ

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు చివరి విందు జ్ఞాపకంగా రొట్టె, మనిషికో బుల్లి గ్లాసులో ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ఆ రోజు ఆత్మీయంగా అందరికన్నా ఎత్తులో ఉండేది పాస్టర్ గారు కాదు, కీబోర్డు తమ్ముడు అసలే కాదు. వెనక కుళాయి దగ్గర ద్రాక్షరసం గ్లాసులు కడిగేవాళ్లు. 2 నెలలు స్వయంగా కడిగి మరీ చెబుతున్నాను.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త 6వ అధ్యాయం. నా ఎడమచేతికి తెలిసిపోయింది. స్టేటస్ కోసం ఫోను పట్టుకున్నది అదే.

ఆ గ్లాసులో వేలు పట్టదు. అడుగున రసం ఎండి నల్లగా అంటుకుపోతుంది. చీపురుపుల్లకు గుడ్డముక్క చుట్టి తిప్పాలని నాకు నేర్పింది ఒక పెద్దమ్మ. ఈ పనిలో ఆవిడకు ఏ దర్శనం కలిగిందో అడిగాను. "ఇదివరకు ఒకటే గిన్నె ఉండేది బాబూ, అదే సుళువు" అంది. ఇంకాస్త లోతైన జవాబు ఆశించాను.

లేఖనాలకు కొదవ లేదు. దేవుని మందిర ద్వారం దగ్గర ఉండటమే ఇష్టమని 84వ కీర్తనలో కోరహు కుమారులు పాడారు. మా ద్వారం దగ్గర ఉండేవి చెప్పులు. వాటిని వరసగా పెట్టడం ఇష్టమని ఇంతవరకు ఎవరూ చెయ్యెత్తలేదు. 17వ శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ ఏళ్లతరబడి వంటింట్లో పనిచేసి, తర్వాత చెప్పులు బాగుచేసే పనికి మారాడు. గిన్నెల మధ్య కూడా దేవుడు తోడున్నాడనేవాడు. అప్పట్లో మైకులు లేవు కాబట్టి సరిపోయిందని మా యవ్వనస్తుల నాయకుడి వాదన.

అందుకే తెరవెనుక పరిచర్యకు కమిటీ వేశాం. కడగడానికి మనుషులు దొరకలేదు గానీ పదవులకు పోటీ బాగానే ఉంది. అధ్యక్ష పదవి నాకొద్దని మూడుసార్లు అన్నాను. మూడోసారి కాస్త మెల్లగా అన్నాను.

క్రిస్మస్‌కి గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాం. 'మరుగున సేవచేయు దాసులు' అని పెద్దక్షరాలు, కింద 11 ఫోటోలు. నాది మధ్యలో, మిగతావాటికన్నా పెద్దది. ప్రింటింగ్ కుర్రాడి పొరపాటు, పాపం ఏమీ అనలేదు. పెద్దమ్మను ఫోటోకి పిలిచాం. "చేతులు తడిగా ఉన్నాయి, మీరు కానీండి" అంది.

పండగయ్యాక ఫ్లెక్సీ కుళాయి దగ్గరికి చేరింది. కడిగిన గ్లాసులు పెద్దమ్మ ఇప్పుడు దానిమీదే బోర్లిస్తోంది. నా మొహం మీద ఇరవై దాకా పడుతున్నాయి.