బర్గర్‌లో మయోనీజ్ ఎందుకు, సలాన్ ఉండగా!

హైదరాబాద్ వెళ్లి బర్గర్ తిన్నానని చెప్పి చూడండి, ఇక్కడ విదేశంలో ఉన్న మనవాళ్లు మొహం చిట్లిస్తారు. "అంత దూరం పోయి బర్గరా? ఇక్కడ సందుకొకటి దొరుకుతుందిగా!" అంటారు. నన్నూ అన్నారు. అయినా నా మాట ఒకటే: అక్కడి ఫుడ్ ఫెస్టివల్‌లో పెట్టిన ఆ బర్గర్ తినాల్సిందే. తిట్టాలనుకుంటే దాని మీద పోసిన సాసుల్ని తిట్టండి.

అసలు మనం చేసేదేమిటి? ఎండలు రాగానే పెరట్లో గ్రిల్ వెలిగించి, ఖీమాలో అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, గరం మసాలా దట్టించి బన్నులో పెట్టుకుంటాం. పైన ఆవకాయ ఊట రాసుకునేవాళ్లు కూడా నాకు తెలుసు. మనకు చెల్లినది హైదరాబాద్‌కు చెల్లదా? పైగా ఆ ఊరికి బన్ను, బ్రెడ్డు కొత్తవా ఏమన్నా! ఇరానీ చాయ్ పక్కన బన్ మస్కా ఎప్పటినుంచో ఉంది. దావత్‌లో ఖీమా కూరిన లుఖ్మీతో మొదలుపెట్టి, బ్రెడ్డు వేయించి పాకంలో నానబెట్టిన డబుల్ కా మీఠాతో ముగిస్తారు. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహారానికి సంబంధించి సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. మనం విమానం ఎక్కిన రోజున ఉన్న మెనూనే కలకాలం ఉండాలంటే ఇక సృజన ఎక్కడ?

నేను తిన్నది మాదాపూర్ వైపు, ఒక రెస్టారెంటు వాళ్ల ఫెస్టివల్ స్పెషల్. బన్నులో షికంపురి కబాబ్. మటన్, శనగపప్పు ఉడికించి మెత్తగా నూరి, మధ్యలో నీళ్లు వడగట్టిన గట్టి పెరుగు, ఉల్లి, పుదీనా పెట్టి, పెనం మీద ఎర్రగా కాల్చే కబాబ్ అది. కొరకగానే పైన కరకర, లోపల పుల్లపుల్లగా పెరుగు. సాసు దాని కడుపులోనే ఉందన్నమాట. అది చాలదన్నట్టు పైన మయోనీజ్, చీజ్, ఇంకేదో తీపి చట్నీ. మణికట్టు దాకా కారింది. నాలుగు ముద్దలయ్యేసరికి పుదీనా జాడే లేదు. బన్ను నల్లగా ఎందుకుందో మాత్రం అర్థం కాలేదు, ఫొటోల కోసం కాబోలు.

2024 అక్టోబరు చివర్లో, కలుషిత ఆహారం తిని జనం ఆస్పత్రి పాలయ్యాక, తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. "గుడ్డు లేనిది వాడుతున్నాం కదండీ" అంటారు రెస్టారెంటు వాళ్లు. నా పేచీ గుడ్డుతో కాదు. ఏ ఊళ్లో, ఏ మాంసం మీద పోసినా అన్నిటినీ ఒకే రుచికి తెచ్చే ఆ తెల్లటి ముద్దతో.

ఇంతా చేసి అసలు సరుకు పక్కన చిన్న కప్పులో ఉంది, మిర్చీ కా సలాన్, అదే పచ్చిమిర్చి పులుసు కూర. నువ్వులు, పల్లీలు, కొబ్బరి, చింతపండు. మయోనీజ్ గీకేసి మిగిలిన సగాన్ని అందులో ముంచి తిన్నాను. అప్పుడు కబాబ్ మళ్లీ నోరు విప్పింది. కప్పు ఇంకొకటి అడిగితే, "ఎక్స్‌ట్రా చార్జ్ సార్" అన్నాడు కుర్రాడు. ఇచ్చాను.

మన సంఘం పిక్నిక్‌లో బర్గర్లు ఎలాగూ ఉంటాయి. మెనూ కమిటీ వారికి మనవి: ఈసారి కెచప్ సీసాల పక్కన ఒక పెద్ద గిన్నెడు సలాన్ పెట్టించండి. మిరపకాయలకు గాట్లు పెట్టే పని నాకివ్వండి.