పురాణం అంటే పెద్ద శబ్దమేనా?

పురాణ కథ మీద ఆర్కెస్ట్రాకు ఎవరో కొత్తగా రాశారని వినగానే ఈ మధ్య నాకు ఉత్సాహం కన్నా ముందు అనుమానం పుడుతోంది. మొదటి నిమిషంలో ఏం వినబడబోతోందో ముందే తెలిసిపోతోంది మరి. అడుగున తీగ వాద్యాల మంద్రస్వరం ఒకటి గురగురలాడుతుంది. దాని మీద ఏ భాషకూ చెందని అక్షరాలతో కోరస్ అందుకుంటుంది. కాసేపటికి పెద్ద డోళ్లు. ఆ పైన హార్న్లు, ట్రాంబోన్లు అన్నీ ఏకమై ఒకే స్వరాన్ని గుద్దడం మొదలుపెడతాయి. పేరు చూస్తే 'అభిమన్యుడు'. అదే సంగీతానికి గ్రీకు వీరుడు 'అకిలీస్' పేరు పెట్టినా ఒక్క స్వరం మార్చే అవసరం ఉండదు. సిమెంటు ప్రకటనకు వాడుకున్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు.

అసలు అభిమన్యుడి కథలో ఏముంది? లోపలికి వెళ్లడం తెలిసి, బయటికి రావడం తెలియని ఒక పిల్లవాడు ఉన్నాడు. స్వరకర్తకు ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? ఒక ఆధార స్వరం దగ్గర బయలుదేరి, ఒక్కో వలయంలో ఒక్కో శ్రుతికి మారుతూ పోయి, చివరికి మొదటి శ్రుతికి తిరిగి వచ్చే దారులన్నీ మూసేయవచ్చు. వినేవారికి కత్తుల చప్పుడు ఒక్కటీ వినిపించకుండానే ఊపిరి బిగుసుకుంటుంది. అంత పని చేతిలో పెట్టుకుని డోళ్ల వెంట పడటం నాకు మింగుడు పడదు.

కథలోని సంఘటనలకు శబ్దం అతికించడం సులువు. కథ లోపల తిరిగే యంత్రాన్ని పట్టుకుని, దాన్నే సంగీతం చేత తిప్పించడం కష్టం. ఈ తేడా తెలియాలంటే ఫ్రెంచ్ స్వరకర్త పాల్ డ్యూకా 1897లో రాసిన 'మాంత్రికుడి శిష్యుడు' వినండి. జర్మన్ కవి గోథే 1797లో రాసిన పద్యకథ దానికి మూలం. గురువు లేని సమయంలో శిష్యుడు చీపురుకు మంత్రం వేసి నీళ్లు మోయిస్తాడు. ఆపే మంత్రం మాత్రం గుర్తుండదు. చీపురు నడకకు డ్యూకా బసూన్లతో, అంటే మంద్రంగా పలికే ఊదుడు వాద్యాలతో, తడబడుతూ నడిచే ఒక స్వరాల పదబంధం ఇచ్చాడు. అందరూ మెచ్చుకునేది ఆ బసూన్ల హాస్యాన్నే. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాత వచ్చే ఘట్టం. శిష్యుడు గొడ్డలితో చీపురును రెండుగా నరుకుతాడు. ఆర్కెస్ట్రా కూలిపోతుంది. నిశ్శబ్దం. అప్పుడు అట్టడుగున, బసూన్ కన్నా మంద్రమైన కాంట్రాబసూన్ కదులుతుంది, కాసేపటికి బాస్ క్లారినెట్ దాని వెనకే లేస్తుంది. ఒకే పదబంధం ఇప్పుడు రెండు గొంతుల్లో ఒకదాన్నొకటి తరుముతోంది. ఒక గొంతు పాడినదాన్ని ఇంకో గొంతు వెనక నుంచి అందుకోవడం పాశ్చాత్య సంగీతంలో శతాబ్దాల నాటి పద్ధతి, విద్యార్థులు తిట్టుకుంటూ నేర్చుకునే పాఠం. ఆ పాత పనిముట్టే ఇక్కడ కథ అయింది. చీపురు రెండైన సంగతి తెలియనివారికి కూడా ఏదో చేయి దాటిపోయిందని తెలిసిపోతుంది.

'కథ గొడవ ఎందుకు, సంగీతం బాగుంటే చాలదా' అని అడిగేవారు ఉంటారు. ఆ మాటలో బలం ఉంది. హంగేరీ స్వరకర్త లిస్ట్ రాసిన 'లే ప్రెల్యూద్' 1854లో ఫ్రెంచ్ కవి లామార్తీన్ కవిత పేరు తగిలించుకుని బయటికి వచ్చింది. ఆ సంగీతంలో చాలా భాగం అంతకు ముందు వేరే కవి పదాలకు కట్టిన బృందగీతాలకు ఉపోద్ఘాతంగా పుట్టింది. శీర్షిక తర్వాత వచ్చింది, అయినా రచన నిలబడింది. రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ అయితే 1888 నాటి 'షెహెరజాదే' భాగాలకు పెట్టిన కథల పేర్లను తర్వాత తానే తీసేశాడు. పేర్లు పోయినా ఆ ఒంటరి వయోలిన్ పోలేదు. హార్ప్ తోడుగా అది మళ్లీ మళ్లీ వచ్చి కథ అందుకుంటూ ఉంటుంది. కథ ఆగితే ప్రాణం పోయే మనిషి, వెయ్యిన్నొక్క రాత్రుల కథకురాలు షెహెరజాదే, ఆ వయోలిన్‌లో ఉంది. తెర మీద వివరణ పత్రం చదివించుకోకపోతే అర్థం కాని సంగీతానికీ దీనికీ ఉన్న దూరం అదే.

వాద్యాల ఎంపికలోనూ ఇదే బద్ధకం. కృష్ణుడంటే వేణువు, మాయ అంటే హార్ప్ తీగల మీద జారుడు, పాతాళం అంటే ట్రాంబోన్. ఈ చివరిది 1607లో మాంటెవెర్డి రాసిన ఒపేరా 'ఓర్ఫియో'లోనే ఉంది. అప్పటికి అది సాహసం. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా నరకానికి అదే తలుపు కొడితే ఎలా? ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ 1890లలో 'తువోనెలా హంస' రాసినప్పుడు తువోనెలా అనే ఫిన్నిష్ పురాణాల మృత్యులోకపు నదిని చూపించడానికి వాద్యాలను తగ్గించుకున్నాడు. అందులో ఫ్లూట్లు లేవు, ట్రంపెట్లు లేవు, మామూలు క్లారినెట్లు లేవు. ట్రాంబోన్లు ఉన్నా అరవవు. పక్షి అనగానే చేతికి వచ్చే ఫ్లూట్‌ను పక్కన పెట్టి, హంసను ఇంగ్లిష్ హార్న్ (పేరులో హార్న్ ఉన్నా చెక్క ఊదుడు వాద్యమే) బొంగురు గొంతుకు అప్పగించాడు. చుట్టూ అనేక భాగాలుగా చీలిన తీగ వాద్యాలు మసకగా పరుచుకుని ఉంటాయి. అందులో సంఘటన అంటూ ఏదీ జరగదు. హంస తేలుతూ ఉంటుంది, అంతే.

కంప్యూటర్‌లో ఆర్కెస్ట్రా దొరకడం మొదలైన నాటి నుంచి ఈ జబ్బు ముదిరింది. నేనూ దాన్ని రోజూ వాడతాను, అది లేకపోతే నాలాంటివారికి వాద్యబృందం ధ్వని వినే భాగ్యమే ఉండదు. అయితే అందులో మంద్రస్థాయి ఫ్లూట్‌ను నాలుగు హార్న్ల మీద తేల్చాలంటే ఒక మీటను పైకి జరిపితే సరిపోతుంది. సభలో కూర్చున్న ఫ్లూట్ కళాకారుడికి అలాంటి మీట లేదు. ఆ స్థాయిలో ఫ్లూట్‌కు బలం లేదు కాబట్టి చుట్టూ ఉన్నవారిని తగ్గించాలి, లేదా ఆపేయాలి. ఈ పరిమితి నుంచే నాటకం పుడుతుంది: ఎవరు మాట్లాడాలంటే ఎవరు మౌనంగా ఉండాలి అన్న లెక్క. అందరూ ఒకేసారి గరిష్ఠ ధ్వనిలో ఉన్నచోట పాత్రలు ఉండవు, గుంపు మాత్రమే ఉంటుంది.

గుంపు అవసరం లేదని నిరూపించినవారు ఉన్నారు. ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ 1951లో రోమన్ కవి ఓవిడ్ కథల మీద ఆరు చిన్న రచనలు చేశాడు, మొత్తం ఓబో అనే ఒకే ఒక్క ఊదుడు వాద్యానికి. నీటిలో తన నీడను ప్రేమించిన నార్సిసస్ వంతు వచ్చినప్పుడు అదే ఓబో తన పదబంధానికి తానే తలకిందుల జవాబు ఇచ్చుకుంటుంది. మన సావిత్రి కథనే తీసుకుని ఇంగ్లిష్ స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ చిన్న ఒపేరా రాశాడు, 1916లో తొలి ప్రదర్శన. వాద్యకారులు పన్నెండు మంది. మొదట వినిపించేది యముడి గొంతు, కింద ఒక్క వాద్యమైనా ఉండదు. డోళ్లతో యముణ్ని రప్పించే మిత్రులు ఆ ఆరంభాన్ని ఒకసారి వింటే బాగుంటుంది.

ప్రస్తుతం నేను శిబి చక్రవర్తి తూకం మీద ఏడు వాద్యాలకు ఒక రచన చేస్తున్నాను. ఈ ప్రయత్నం విన్న ఒక పెద్దమనిషి 'కోత ఘట్టం భయంకరంగా ఉండాలి' అని సలహా ఇచ్చారు. నాకు కోత అక్కర్లేదు, తక్కెడ కావాలి. ఎంత మాంసం వేసినా పావురం వైపే మొగ్గుతుందే, ఆ మొండితనం కావాలి. అందుకని వయోలిన్ కన్నా కాస్త మంద్రమైన వయోలా ఒక్క స్వరం పట్టుకుని కూర్చుంటుంది. ఎదుటి తట్టలోకి వాద్యాలు ఒక్కొక్కటే చేరతాయి. చిక్కు ఏమిటంటే, వాద్యాలు చేరే కొద్దీ శబ్దం పెరిగి వయోలా మునిగిపోతుంది, అంటే తూకం తప్పుగా పడుతుంది. బరువును శబ్దంలో పెట్టకూడదని అక్కడ అర్థమైంది. ఎదుటివారు ఎంత దూరం వెళ్లి ఏ శ్రుతిలో తిరిగినా, ప్రతి వాక్యం చివర తప్పించుకోలేక వయోలా స్వరం మీదే వాలాలి. సెల్లో వాలుతుంది, క్లారినెట్ వాలుతుంది, హార్న్ కూడా వాలుతుంది. ఇంతవరకు కాగితం మీద కుదిరింది.

రాజు తానే తట్టలోకి ఎక్కే చోటు ఇంకా కుదరలేదు. అప్పటిదాకా మిగతావారిని ఒక్కొక్కరిగా పంపుతూ వచ్చిన మొదటి వయోలిన్ తన పాట వదిలేసి వయోలా స్వరాన్నే వాయించాలన్నది ఆలోచన. రెండూ ఒకే స్థాయిలో కలిస్తే మరీ తేలికగా తెగిపోతోంది, ఒక స్థాయి పైన పెడితే రాజు గెలిచినట్టు వినిపిస్తోంది. ప్రస్తుతానికి వయోలిన్‌ను అట్టడుగు తీగ మీదకు దించి, వయోలా కన్నా కింద పెట్టి చూస్తున్నాను.